గోడ ఎవరిది? పాఠకులు ఎవరు? - ఫేస్‌బుక్ కాలంలో దళిత రచన

ఈ మధ్య తెలుగు సాహిత్య సభల్లో ఒక మాట తరచుగా వినపడుతోంది. సంపాదకుల పెత్తనం పోయిందనీ, ఎవరి గోడ మీద వాళ్లు రాసుకుంటున్నారనీ, రచయితకూ పాఠకుడికీ మధ్య అడ్డం ఎవరూ లేరనీ, ఫేస్‌బుక్ వచ్చి సాహిత్యాన్ని ప్రజాస్వామికం చేసిందనీ ఆ మాట సారాంశం. ఇట్లా అనేవాళ్లు రెండు రకాలు. నిన్నమొన్నటిదాకా ఆ పెత్తనంలో భాగస్వాములై, ఇప్పుడు కొత్త కాలానికి చప్పట్లు కొడుతున్నవాళ్లు ఒక రకం. ఆ పెత్తనం కింద ఏళ్ల తరబడి నలిగి, ఇవాళ కాస్త ఊపిరి పీల్చుకున్న మనవాళ్లు రెండో రకం. మొదటివాళ్లతో మనకు పేచీ పాతదే. రెండోవాళ్ల మాటను మాత్రం పక్కన పెట్టలేం. అది అనుభవంలోంచి వచ్చిన మాట. అందుకే దాన్ని పరీక్షకు పెట్టాలె.

మేం చెప్పదలచుకున్నది ముందే చెప్తాం. ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబు దళిత రచయితకు పాఠకుల్ని దగ్గర చేసినయి. ఇందులో అనుమానం లేదు. కానీ అవి కులాన్ని తీసెయ్యలేదు. విమర్శను ఇయ్యలేదు. జ్ఞాపకాన్ని మన చేతిలోంచి తీసుకుపోయినయి. రాసింది మనం, చదివింది మనం, దాచిపెట్టుకున్నది మాత్రం కంపెనీ. మొదటి రెండు సంగతుల గురించి మనవాళ్లు అప్పుడప్పుడన్నా మాట్లాడుతున్నారు. మూడో దాని గురించి చర్చ చాలా తక్కువ. దళిత ఉద్యమానికీ, దళిత సాహిత్య పరిశోధనకూ అసలు ప్రమాదం అక్కడే ఉందని మా అభిప్రాయం.

గోల్డెన్ త్రెషోల్డ్: ఒక ఇల్లు, రెండు సంగతులు

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ చటోపాధ్యాయ ఇల్లు అది. ఆయన కూతురు సరోజినీ నాయుడు 1905లో వేసిన మొదటి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి నిలిచింది. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది ఈ ఇంట్లోనే. తర్వాత యూనివర్సిటీ గచ్చిబౌలికి తరలిపోయింది. రచయితలూ సోషల్ మీడియా అనే విషయం మాట్లాడటానికి హైదరాబాదులో ఇంతకన్నా తగిన చోటు మాకు కనపడలేదు. రెండు వేరువేరు సంగతులు ఈ ఇంటితో ముడిపడి ఉన్నయి.

మొదటిది కవిసంగమం. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో ఈ పేరుతో ఒక గ్రూపు మొదలుపెట్టాడు. అందులో కవులు రోజూ కవితలు పెడ్తారు. చదివినవాళ్లు దాని కిందనే అభిప్రాయం రాస్తారు. అంతటితో ఆగితే అది కూడా ఒక గ్రూపు మాత్రమే అయ్యేది. కానీ కవిసంగమం గోడ దిగి నేల మీదకు వచ్చింది. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లోనూ, ఈ గోల్డెన్ త్రెషోల్డ్‌లోనూ సభలు జరిగినయి. పెద్ద కవీ, నడివయసు కవీ, నిన్నగాక మొన్న రాయడం మొదలుపెట్టిన పిల్లా పిల్లాడూ ఒకే వేదిక మీద చదివారు. ఫోనులో మాత్రమే పేరు తెలిసినవాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు.

ఇందులో మారింది ఏంటో తెలియాలంటే పాత పద్ధతి గుర్తు చేసుకోవాలె. కాగితానికి ఒకవైపే రాయాలె. తిరుగు కవరుకు స్టాంపులు అంటించాలె. నెలల తరబడి ఎదురుచూడాలె. అచ్చయితే సంతోషం, కాకపోతే ఎందుకు కాలేదో చెప్పేవాడు లేడు. కవరు మీద రాసిన ఇంటిపేరూ, చిరునామాలో రాసిన వాడ పేరూ కవిత కంటే ముందే సంపాదకుడి బల్ల మీదకు చేరేవి. మండల కేంద్రంలో ఉండే ఒక దళిత కుర్రాడికి ఈ దారి ఎంత పొడుగో చెప్పనవసరం లేదు. ఇప్పుడు పొద్దున పెట్టిన కవితకు సాయంత్రానికి పాఠకులున్నారు. మెర్సీ మార్గరెట్ లాంటి కవయిత్రి ఈ గోడ మీద పాఠకుల్ని సంపాదించుకుని, 'మాటల మడుగు' సంపుటి వేసి, 2017లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం దాకా వచ్చింది. ఆదివారం అనుబంధాల దయ కోసం కాచుకుని ఉంటే ఈ ప్రయాణం ఇంత తొందరగా జరిగేదా అన్నది అడగదగ్గ ప్రశ్న. ఖమ్మం జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక ముస్లిం కవి ఈ వేదిక కట్టడం కూడా కాకతాళీయం కాదు. పాత తలుపు దగ్గర నిలబడిన అనుభవం ఉన్నవాడికే కొత్త తలుపు విలువ తెలుస్తుంది.

రెండో సంగతి రోహిత్ వేముల. ఈ ఇంట్లో పుట్టిన యూనివర్సిటీలో ఆయన పరిశోధక విద్యార్థి, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ సభ్యుడు. 2015 ఆగస్టులో మొదలైన గొడవకు ఒక మూలం ఆ సంఘాన్ని నిందిస్తూ ప్రత్యర్థి విద్యార్థి సంఘం నాయకుడు పెట్టిన ఫేస్‌బుక్ వ్యాఖ్య. అది పెరిగి పెరిగి, యూనివర్సిటీ ఐదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టళ్ల నుంచీ, ఉమ్మడి స్థలాల నుంచీ బయట పెట్టేదాకా పోయింది. వాళ్లు క్యాంపస్‌లో వెలివాడ కట్టుకుని కూర్చున్నారు. 2016 జనవరి 17న రోహిత్ మరణించాడు.

రోహిత్ రచయిత కావాలనుకున్నవాడు. కార్ల్ శాగన్ లాగా సైన్సు రచయిత కావాలని ఉండేదని తన ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. పుస్తకం వెయ్యలేదు. ఆయన రాసుకున్న చోటు ఫేస్‌బుక్ గోడ. కులం గురించి, అంబేడ్కర్ గురించి, క్యాంపస్ రాజకీయాల గురించి అక్కడే రాశాడు. ఆయన పోయాక ఆ రాతల్ని నిఖిలా హెన్రీ సంపాదకత్వంలో జగర్‌నాట్ సంస్థ 'కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్' పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చింది. ఆఖరి ఉత్తరమైతే దేశమంతా ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. ఎన్నో భాషల్లోకి పోయింది. బతికుండగా అదే గోడ మీద రాసినప్పుడు దానికి ఆ పాఠకులు లేరు. కార్ల్ శాగన్ కావాలనుకున్న దళిత యువకుడికి ఈ దేశం పాఠకుల్ని ఎప్పుడు ఇచ్చిందో చూడండి.

ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టకుండా 'సోషల్ మీడియా సాహిత్యాన్ని ప్రజాస్వామికం చేసింది' అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లతో మాకు అంగీకారం లేదు. ఒకే గోడ ఒకరిని సభ దాకా తెచ్చింది. ఇంకొకరి విషయంలో అదే గోడ మీది ఒక మాట వెలివాడ దాకా తోసింది.

ఫేస్‌బుక్ కంటే ముందే మన పాఠకులు

ఫేస్‌బుక్ వచ్చి రచయితను పాఠకుడి దగ్గరకు చేర్చింది అనే మాటలో ఇంకో తప్పు ఉంది. దళిత రచన ఏనాడూ పాఠకుడికి దూరంగా లేదు. దూరంగా ఉన్నది అగ్రకుల పాఠకుడికి. మన పాఠకుల్ని మనం మొదటినుంచీ చేతులారా తయారు చేసుకుంటున్నాం.

అంబేడ్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వెయ్యడానికి తిలక్ స్థాపించిన 'కేసరి' ఒప్పుకోలేదు. అంటే అప్పటి గోడల మీద మనకు కిరాయికి కూడా చోటు దొరకలేదు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చాడు. 'వెట్టి మాదిగ' కథ అందులోనే వచ్చింది. ఆది హిందూ ఉద్యమం సభలకు వచ్చే జనమే ఆ పత్రికకు పాఠకులు. చదువు వచ్చినవాడు చదివి వినిపిస్తే, రానివాడు విని ఇంకొకడికి చెప్పేవాడు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. ఆ తర్వాత దళిత మహాసభ వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఈ మధ్యకాలంలోనే 1989లో 'నలుపు' పత్రిక వచ్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట', అదే ఏడు 'నిశాని', మరుసటి ఏడు 'పదునెక్కిన పాట' వచ్చినయి. అప్పటి పాఠకుడు ఒంటరివాడు కాదు. ఒక కాపీ హాస్టలుకు వస్తే గది గదికీ తిరిగేది. సంఘం మీటింగులో కవిత చదివితే దాని మీద వాదన జరిగేది. అట్లా చదివినవాళ్లలోంచే రాసేవాళ్లు వచ్చారు. ఇండ్లల్లో పుస్తకం కొన్న మొదటి తరం మాది. మాలో చాలామందికి మొదటి పుస్తకం కొన్నది కాదు, హాస్టల్లో చేతులు మారి వచ్చింది.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నామంటే, కొత్త సాధనాన్ని కొలవడానికి మన దగ్గర మన కొలత ఉంది. ఎన్ని లైకులు వచ్చినయి, ఎంతమంది ఫాలోయర్లు ఉన్నారు అన్నది కంపెనీ కొలత. చదివినవాళ్లలో ఎంతమంది రాసేవాళ్లయ్యారు, ఎంతమంది సంఘంలోకి వచ్చారు, ఎంతమంది ఎదురు ప్రశ్న అడిగారు అన్నది మన కొలత. ఈ కొలతతో చూస్తే సోషల్ మీడియాకు దక్కాల్సిన మార్కులు దక్కుతయి. గల్ఫుకు పోయినోడు రాత్రి డ్యూటీ దిగి పండుకునే ముందు తన ఊరి భాషలో ఒక కథ చదువుకుంటున్నాడు. సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలు నలుగురు ఒక ఫోను చుట్టూ చేరి పాట వింటున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

భాష విషయంలో జరిగింది ఇంకా పెద్దది. ఇండస్ మార్టిన్ 'కటికపూలు', సొలోమోన్ విజయ్ కుమార్ 'మునికాంతపల్లి కతలు' పుస్తకాలు కాకముందే ఫేస్‌బుక్ పాఠకులకు పరిచయం. ఒకరిది గుంటూరు వైపు వాడ మాట, ఇంకొకరిది నెల్లూరు వైపు మాట. ఈ మాటను పత్రికల వాళ్లు సరిదిద్దుతారనే భయం ఆ రాతల్లో లేదు. కింద కామెంట్లు రాసినవాళ్లు 'మా అవ్వ కూడా ఇట్లనే అనేది' అని తమ మాట కలిపారు. పాఠకుడే భాషకు సాక్షి అయ్యాడు. చిత్తూరు మాటతో పేరు పెట్టుకున్న పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది' సంపుటికి 2022లో యువ పురస్కారం వచ్చింది. పుస్తకం పేరే అర్థం కాలేదనేవాళ్లు ఇప్పుడు అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. నిఘంటువు పట్టుకుని మనం పరిగెత్తిన కాలం పోయి, వాళ్లు మన దగ్గరికి రావాల్సిన కాలం కొంచెమన్నా వచ్చింది.

గోడకూ కులముంది

ఇంత చెప్పాక కూడా, సంపాదకుడు పోయాడన్న మాటను మేం ఒప్పుకోం. సంపాదకుడు పోలేదు, కనపడకుండా కూర్చున్నాడు. ఎవరి పోస్టు ఎవరికి ముందు చూపాలో కంపెనీ లెక్క తేలుస్తుంది. నువ్వు ఇంతకుముందు ఎవరికి లైకు కొట్టావో వాళ్లనే నీకు మళ్లీ మళ్లీ చూపుతుంది. మనుషులు లైకులు కొట్టేది తెలిసినవాళ్లకు. తెలిసినవాళ్లంటే ఎవరు? ఒకే కాలేజీ, ఒకే వీధి, ఒకే పెళ్లిళ్లు, ఒకే కులం. ఆ విధంగా ఊళ్లో ఉన్న వీధులన్నీ ఫోనులోకి వచ్చినయి. ఊరు ఊరే, వాడ వాడే. దళిత రచయిత పోస్టు కింద దళిత పాఠకులుంటారు. పేరున్న అగ్రకుల విమర్శకుడు అటు రాడు. వస్తే సంతాపం తెలపడానికో, అవార్డుకు అభినందించడానికో వస్తాడు. సంతాపానికీ అభినందనకూ మధ్యలో ఉండాల్సిన చర్చకు మాత్రం రాడు.

పేరు సంగతి చూద్దాం. ఫేస్‌బుక్ నిజమైన పేరుతోనే ఉండమంటుంది. అమెరికాలో కూర్చుని ఈ నియమం రాసినవాళ్లకు తెలియనిది ఏమంటే, మన దగ్గర నిజమైన పేరంటే కులం చీటీ. రెడ్డి, చౌదరి, శర్మ తోక ఉన్నవాళ్లకు ఆ చీటీ పాస్‌పోర్టు లాంటిది. క్రైస్తవ పేరున్న దళిత కవి ఒక దేవుడి గురించి ఒక వాక్యం రాస్తే, కవిత మీద కాకుండా ఆ పేరు మీదనే కామెంట్లు మొదలవుతయి. రిజర్వేషన్ మాట వస్తుంది. అకాడెమీ అవార్డు కూడా కోటాలోనే వచ్చిందని వెక్కిరింపు వస్తుంది. రాసింది దళిత స్త్రీ అయితే బూతులు బహిరంగంగా కొన్ని, ఇన్‌బాక్సులో కొన్ని. పాఠకుడికి దగ్గరవడం అంటే పాఠకుడు కాని వాడికి కూడా దగ్గరవడమే అని ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఈ విషయంలో కంపెనీలు ఎటువైపు ఉంటాయో 2018 నవంబరులో ఒకసారి తేలింది. ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ భారతదేశం వచ్చినప్పుడు ఒక దళిత కార్యకర్త ఇచ్చిన పోస్టరును పట్టుకుని ఫొటో దిగాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని పగలగొట్టమని అందులో ఉంది. ఆ పోస్టరు చేసింది అమెరికాలో ఉన్న దళిత కళాకారిణి తేన్మొళి సౌందరరాజన్. అగ్రకులాల వాళ్లు ట్విట్టర్ మీద విరుచుకుపడ్డారు. అప్పటి ట్విట్టర్ న్యాయవ్యవహారాల ముఖ్యాధికారి, హైదరాబాదులో పుట్టిన మన తెలుగామె విజయ గద్దె క్షమాపణ చెప్పింది. ఆ పోస్టరు తమ అభిప్రాయం కాదని కంపెనీ చెప్పుకుంది. ఒక కాగితం ముక్కకే ఇంత వంగిన కంపెనీ, మన రాతలకు కాపలా కాస్తుందని ఎట్లా నమ్మాలె?

లైకు విమర్శ కాదు

ఇప్పుడు మనవాళ్లతోనే ఒక మాట. గోడ మీద రచయితా పాఠకుడూ స్నేహితులవుతారు. కంపెనీ పెట్టిన పేరు కూడా అదే, ఫ్రెండ్. స్నేహితుడి కవిత బాగా లేదని ఎవరు చెప్తారు? 'అద్భుతం అన్నా', 'కన్నీళ్లు ఆగలేదు అక్కా' అనే మాటలు పోస్టు పెట్టిన ఐదు నిమిషాల్లో వస్తయి. పొడుగు కథ చదవడానికే ఐదు నిమిషాలు చాలవు. చదవకుండానే మెచ్చుకునే ఈ అలవాటు అగ్రకుల సాహిత్య సభల్లో పాతదే. నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియంలో జరిగిన ఎన్నో ఆవిష్కరణ సభల్లో ముందుమాట మాత్రమే తిప్పి చూసి గంటసేపు మాట్లాడిన వక్తల్ని మనం చూశాం, నవ్వుకున్నాం. ఆ జబ్బే ఇప్పుడు మన గోడకు ఎక్కింది.

దళిత సాహిత్యం పెరిగింది మెచ్చుకోళ్లతో కాదు, తగాదాలతో. వర్గమా కులమా అని విప్లవ సాహిత్యంతో తగాదా. 1994లో మాదిగ దండోరా వచ్చాక, దళిత అనే ఒక్క మాటలో ఎవరి గొంతు వినపడుతోంది, ఎవరిది అణిగిపోతోంది అనే తగాదా. దళిత పురుషుల రాతల్లో దళిత స్త్రీ ఎక్కడుంది అని జూపాక సుభద్ర, గోగు శ్యామల, చల్లపల్లి స్వరూపరాణి, వినోదిని లాంటివాళ్లు పెట్టిన తగాదా. ఈ వాదనల్లో ఒక్కొక్కటీ పత్రికల్లో నెలల తరబడి నడిచింది. వ్యాసానికి జవాబు, జవాబుకు జవాబు. ఇవాళ అదే తగాదా ఫేస్‌బుక్‌లో మూడు రోజులు నడుస్తుంది. మొదటి రోజు వాదన, రెండో రోజు తిట్లు, మూడో రోజు బ్లాకు. నాలుగో రోజు ఇంకో విషయం. వాదన ఎక్కడికీ చేరదు, ఎవరి ఆలోచనా మారదు, చివరికి ఆ పోస్టు తీసేస్తారు.

దీనికి రచయితల్ని మాత్రమే తప్పు పట్టలేం. పుస్తకం అమ్ముకునే పని కూడా ఇప్పుడు రచయిత మీదనే పడింది. ఒకప్పుడు పుస్తకాల షాపులో ఇచ్చిన కాపీలకు కమీషన్ పోను చేతికి ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. ఇప్పుడు సొంత డబ్బులతో అచ్చేసి, ముఖచిత్రం గోడ మీద పెట్టి, ఫోన్‌పే నంబరు ఇచ్చి, పోస్టాఫీసుకు పోయి తనే పార్సిళ్లు కట్టి పంపుతున్నాడు. డబ్బు నేరుగా వస్తోంది, అది మంచిదే. కానీ కొనేవాడూ చదివేవాడూ స్నేహితుడూ ఒక్కడే అయినప్పుడు రచయిత అతన్ని నొప్పించే మాట రాయడానికి వెనకాడతాడు. అగ్రకుల పాఠకుల చప్పట్లకు అలవాటుపడి, వాళ్లకు జాలి పుట్టించే బాధను మాత్రమే మళ్లీ మళ్లీ రాసే ధోరణి కొన్నిచోట్ల కనపడుతోంది. బాధకు లైకులు ఎక్కువ, ధిక్కారానికి తక్కువ. ఈ లెక్క రచయితకు ప్రతి గంటకూ కనపడుతుంటే కలం అటే వంగుతుంది. సంపాదకుడి కత్తెర బయట ఉండేది. ఇది లోపల పెరుగుతోంది.

ఆదివారం అబిడ్స్‌లో దొరికేది, దొరకనిది

ఇక అసలు సంగతికి వస్తాం. ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంటర్ గైడ్లు, ఇంగ్లీషు నవలలు, ఉర్దూ పుస్తకాలు, వాటి మధ్యలో తెలుగు కుప్పలు. ఎవరో పెద్దమనిషి చనిపోయాడు, ఇల్లు మారారు, గ్రంథాలయం పాత సరుకు తీసేసింది. ఆ కాగితమంతా తూకానికి పోయి, కొంత ఇక్కడికి చేరుతుంది. మాలాంటి పరిశోధకులకు యూనివర్సిటీ లైబ్రరీలో దొరకని చిన్న పత్రికల పాత సంచికలు, కవితా సంపుటాలు, సభల కరపత్రాలు ఈ కుప్పల్లో దొరికినయి. ఎవరూ మన కోసం దాచిపెట్టలేదు. పారేసినా కాగితం మిగిలింది. అగ్రకుల గ్రంథాలయాలు మన రాతల్ని పట్టించుకోకపోయినా మన చరిత్ర పూర్తిగా పోకపోవడానికి ఇది ఒక కారణం.

గోగు శ్యామల సంపాదకత్వంలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'నల్లపొద్దు' తీసుకోండి. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యం అందులో ఉంది. ఎనభై ఏళ్ల రాతల్ని వెతికి ఒక్కచోట పెట్టగలిగారంటే, ఆ రాతలు ఎక్కడో ఒకచోట కాగితం మీద, తారీఖుతో ఉన్నయి కాబట్టి. దళిత స్త్రీలు రాయలేదు అనే మాటకు ఆ పుస్తకమే జవాబు. మరి ఇంకో ఇరవై ఏళ్లకు ఎవరో ఒక పిల్ల రెండో 'నల్లపొద్దు' తేవాలనుకుంటే ఆమెకు ఏం దొరుకుతుంది? 2012 తర్వాత దళిత స్త్రీలు రాసిన వాటిలో చాలా భాగం గోడల మీదే ఉంది. అందులో పుస్తకాలైనవి కొన్నే. మిగతావి ఏమవుతయి?

కంప్యూటర్లో పెట్టింది ఎక్కడికి పోతుంది అని కొందరు అంటారు. పోయినయి. ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరులో మూసేసింది. గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్లో మూసేసింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. చదువు అంతగా లేని పల్లె ఆడవాళ్లూ కూలి చేసుకునే పిల్లలూ పాటతో, ఆటతో, మాటతో మొదటిసారి లక్షలమందికి కనపడిన గోడ అది. ఒక్క రాత్రిలో పోయింది. పదేళ్లు తిరక్కముందే మూడు గోడలు కూలినయి. ఇవాళ నిలబడి ఉన్న గోడకు మాత్రం ఏం గ్యారంటీ? కంపెనీ మూసెయ్యకపోయినా, ప్రత్యర్థులు గుంపుగా ఫిర్యాదు చేస్తే ఖాతా పోతుంది. రచయిత చనిపోతే పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్లకు తెలియదు. అన్నీ ఉన్నా, పన్నెండేళ్ల కింద ఒకరు పెట్టిన కవితను ఇవాళ వెతికి పట్టుకోవడం అబిడ్స్ కుప్పలో వెతకడం కంటే కష్టం. కుప్పలో చెయ్యి పెట్టొచ్చు. ఫేస్‌బుక్‌కు ఫుట్‌పాత్ లేదు.

ఇది పరిశోధనలో ఎట్లా తగులుతుందో కూడా చెప్పాలె. దళిత సాహిత్యంలో ఈ పదేళ్ల చర్చల మీద ఒక అధ్యాయం రాసి తీసుకుపోతే, పేజీ నంబరు ఏది, ప్రచురణకర్త ఎవరు అని అడుగుతారు. స్క్రీన్‌షాట్ పెడితే ఆధారం కాదంటారు. ఆ అడ్డంకి చూసి చాలామంది విద్యార్థులు మళ్లీ పాత పుస్తకాల మీదకే, పాత పేర్ల మీదకే పోతున్నారు. ఫలితం ఏంటి? గోడ మీద రాసిన కొత్త తరం దళిత రచయిత సాహిత్య చరిత్రలో లేకుండా పోతాడు. రేపు చరిత్ర రాసేవాళ్లు 'ఈ కాలంలో దళిత సాహిత్యం వెనకపట్టు పట్టింది' అని రాస్తారు. అప్పుడు మన దగ్గర చూపించడానికి ఏముంటుంది?

మన ముందున్న పనులు

సోషల్ మీడియా వదిలెయ్యాలని మేం అనడం లేదు. అట్లా అనే హక్కు కూడా మాకు లేదు. తలుపులన్నీ మూసి ఉన్నప్పుడు తెరుచుకున్న ఒక్క తలుపును మూసుకోమని చెప్పేది ఎవరు? కవిసంగమం అనుభవం చూపించింది ఏమంటే, గోడ మీద మొదలైంది నేల మీదకు వచ్చినప్పుడు, కాగితం మీదకు వచ్చినప్పుడు అది నిలిచింది. కాబట్టి కొన్ని పనులు అనుకోవాలె.

రచయితలు గోడ మీద పెట్టిన ప్రతి రచనకూ తారీఖు వేసి, ఒక కాపీ తమ దగ్గర పెట్టుకోవాలె. నోటుబుక్కులో రాసుకున్నా సరే, అచ్చు తీసి ఫైలు చేసినా సరే. వాదనలో పాల్గొన్నవాళ్లు తమ వాదనను మూడు రోజుల తర్వాత ఒక వ్యాసంగా రాయాలె. కోపం తగ్గాక మిగిలేదే అసలు వాదన.

ఇలాంటి పత్రికలు ప్రతి సంచికలో కొన్ని పేజీలు దీనికి కేటాయించాలె. ఆ మూడు నెలల్లో గోడల మీద వచ్చిన దళిత రచనల్లో ముఖ్యమైనవాటిని, రాసినవాళ్ల అనుమతితో, ఎప్పుడు ఎక్కడ రాశారో చెప్తూ అచ్చు వెయ్యాలె. అనుమతి మాట నొక్కి చెప్తున్నాం. స్నేహితుల కోసం రాసుకున్నది వేరు, లోకం కోసం రాసింది వేరు. ముఖ్యంగా స్త్రీలు తమ జీవితం గురించి రాసుకున్నదాన్ని వాళ్లను అడగకుండా ఎత్తి అచ్చు వెయ్యడం ఇంకో రకం దోపిడీ అవుతుంది. పరిశోధకులు ఈ పేజీలను ఆధారంగా చూపగలుగుతారు. పేజీ నంబరు అడిగేవాళ్లకు పేజీ నంబరు చూపిద్దాం.

విమర్శకులు, అంటే మేమూ మీరూ, కామెంటు రాసి ఊరుకోవద్దు. ఒక పుస్తకం నచ్చితే ఎందుకు నచ్చిందో నాలుగు పేజీలు రాయాలె. నచ్చకపోతే ఎనిమిది పేజీలు రాయాలె. మన రచయితను మనం విమర్శిస్తే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టే అనే వాదన పాతది, తప్పుది. విమర్శ లేని చోట రచయిత ఎదగడు, అగ్రకుల జాలికి అలవాటు పడతాడు.

చివరిగా ఉపాధ్యాయులకూ, హాస్టల్ వార్డెన్లుగా పనిచేస్తున్న మనవాళ్లకూ ఒక మాట. మీ పిల్లల ఫోన్లలో కథలున్నయి, కవితలున్నయి, వాళ్లు రాసుకున్నవి కూడా ఉన్నయి. నెలకొకసారి వాటిని పైకి చదివించండి. బాగున్నవాటిని కాగితం మీద రాయించి కుట్టించండి, తారీఖు వెయ్యండి, రాసిన పిల్ల పేరూ ఊరి పేరూ రాయించండి. రెండు కాపీలు తీయించి ఒకటి హాస్టల్లో పెట్టండి, ఇంకొకటి ఇలాంటి పత్రికకు పంపండి.